ఒక్కరోజు ఏథెన్స్: గ్రీకు పౌరజీవితపు మాటలను చేసి నేర్చుకునే పద్ధతి

డెమోక్రటియా అంటే ప్రజాస్వామ్యం, పొలిస్ అంటే నగరరాజ్యం, ఎక్లీసియా అంటే సభ. ఇలా ఒక్కో గ్రీకు మాట పక్కన ఒక్కో తెలుగు మాట రాసుకుంటే పరీక్ష గట్టెక్కవచ్చు. అలా చదువుకున్న విద్యార్థిని ప్రాచీన గ్రీకు నగరరాజ్యమైన ఏథెన్స్‌లో అధికారులను ఎలా నియమించేవారని అడిగి చూడండి. ఓటు వేసి అంటారు. సేనానుల వంటి కొన్ని పదవులు తప్పిస్తే అక్కడ దాదాపు అన్నిటికీ చీటీలే తీసేవారు. చీటీ తీయడం ప్రజల పాలనకు, ఓటుతో ఎన్నుకోవడం కొద్దిమంది పాలనకు చెందిన పద్ధతులని అప్పట్లో అనుకునేవారని అరిస్టాటిల్ రాశాడు. ఈ మాటల్లో చాలావరకు పనుల పేర్లు. ఎవరు, ఎంతమంది, ఎంతసేపు, తప్పు జరిగితే ఏమవుతుంది అన్న వివరాలు లేకుండా వాటికి అర్థం లేదు. అందుకే పని చేయించి నేర్పాలి.

కింద చెప్పే పద్ధతి 45 మందితో, ఒక బడి వరండాలో, ఒక్క రోజులో ముగుస్తుంది. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని లెక్కలు వేశాం. తొమ్మిదో తరగతి మొదలు డిగ్రీ దాకా ఎవరితోనైనా చేయవచ్చు. 30 మంది కంటే తగ్గితే చీటీల పలక సరిగా పనిచేయదు.

ముందురోజు సిద్ధం చేసుకోవలసినవి

పాత శుభలేఖల అట్టలు, ఒక అంగుళం మందం ఉన్న థర్మాకోల్ షీటు, ముప్పావు అంగుళం పీవీసీ పైపు ఒక అడుగు, తెల్ల గోళీలు 5, నల్ల గోళీలు 8, పది లీటర్ల బకెట్లు రెండు, మూత ఉన్న ఇత్తడి బిందె ఒకటి, చెక్కపెట్టె ఒకటి, కుమ్మరి దగ్గర పగిలిన కుండల పెంకులు ఒక గోనెడు, మేకులు 20. గోళీ ఒకటి జేబులో వేసుకెళ్ళి పైపు కొనండి. గోళీ తేలిగ్గా జారాలి, రెండు గోళీలు పక్కపక్కన పట్టకూడదు.

అట్టలను 2 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కోసి, మనిషికొకటి చొప్పున పేరు, తల్లి లేదా తండ్రి పేరు, ఊరు రాయండి. ఏథెన్స్ పౌరుడి దగ్గర ఉండే పినాకియన్ ఇదే. కంచుతోనో చెక్కతోనో చేసిన చిన్న పలక మీద అతని పేరు, తండ్రి పేరు, డీమ్ పేరు చెక్కి ఉండేవి. డీమ్ అంటే స్థానిక విభాగం. పల్లె కావచ్చు, నగరంలో ఒక పేట కావచ్చు. మొత్తం 139 ఉండేవి. మనిషి ఎక్కడికి మకాం మార్చినా అతని వంశం ఏ డీమ్‌లో నమోదైతే ఆ డీమ్‌వాడే.

పేర్లు తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ రాయాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. తెలుగు మాట్లాడే పిల్లల్లో తెలుగు చదవలేనివాళ్ళు ఈ జిల్లాల్లో చాలామంది. పలక మీంచి పేరు పిలిచే పని చీటీలో ఎవరికి పడుతుందో ముందు తెలియదు. వాళ్ళు చదవలేకపోతే పక్కవాళ్ళు అందుకుంటారు, అక్కడితో చీటీ పద్ధతి దెబ్బతింటుంది. వివరణలు మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి గారి ఊళ్ళలో ఈ విషయం ఎక్కువ చెప్పనక్కర్లేదు.

తెగలు కలపడం

పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి పని ఇది. పిల్లలను మూడు గుంపులుగా నిలబెట్టండి: పట్నంవాళ్ళు, పల్లపు ఊళ్ళవాళ్ళు, కొండవార ఊళ్ళవాళ్ళు. గుంపుకు పదిహేను మంది ఉంటే లెక్క తేలిక. ఇప్పుడు ప్రతి గుంపు నుంచి ముగ్గురేసి చొప్పున చీటీ తీసి, తొమ్మిది మంది ఉన్న ఐదు తెగలు చేయండి.

ఏథెన్స్ నాయకుడు క్లిస్థెనీస్ క్రీ.పూ. 508-507లో చేసింది ఇదే. ఏథెన్స్ రాజ్యం ఉన్న అట్టికా ప్రాంతాన్ని నగరం, తీరం, లోపలి భూములు అని మూడుగా చూసి, ఒక్కోదాన్ని పది ముక్కలు చేసి, మూడు చోట్ల నుంచి ఒక్కో ముక్క కలిపి పది కొత్త తెగలు కట్టాడు. తెగను ఫులే అనీ, ముక్కను ట్రిట్టుస్ అనీ అంటారు. ఒక ప్రాంతపు పెద్దకుటుంబం చెప్పినట్టు ఆ ప్రాంతమంతా నడిచే పరిస్థితిని ఇది బలహీనపరిచింది. సైన్యంలో పక్కపక్కన నిలబడేవారూ, కౌన్సిల్లో పక్కపక్కన కూర్చునేవారూ వేర్వేరు చోట్లవాళ్ళయ్యారు.

ఇక్కడ తప్పకుండా వచ్చే ఇబ్బంది: స్నేహితులు ఒకే తెగలో ఉంటామని అడుగుతారు. ఒప్పుకోకండి. ఆ కోరికను విరగ్గొట్టడానికే ఈ ఏర్పాటు పుట్టిందని అప్పుడే చెబితే పాఠం బాగా పడుతుంది. గుంపులు సమానంగా లేకపోతే పెద్ద గుంపు నుంచి ఎక్కువమందిని తీసుకోండి. ప్రతి తెగలో మూడు చోట్లవాళ్ళూ ఉండటం ముఖ్యం, సరిసమానం కావడం కాదు. ట్రిట్టుస్‌లు కూడా అన్నీ ఒకే పరిమాణంలో ఉండేవి కావు.

చీటీల పలక

దీని పేరు క్లెరొటీరియన్. ఏథెన్స్ నడిబొడ్డున సంత జరిగే మైదానమైన అగోరా తవ్వకాల్లో రాతి పలకల ముక్కలు దొరికాయి. థర్మాకోల్‌ను 60 సెంటీమీటర్ల ఎత్తు, 45 సెంటీమీటర్ల వెడల్పు కోసి, వెనక దళసరి అట్ట అంటించండి. ఐదు నిలువు వరుసలు, తొమ్మిది అడ్డ వరుసలు వచ్చేలా కత్తితో చీలికలు పెట్టండి. చీలిక వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, సందు అట్ట మందమంత. అడ్డ వరుసల మధ్య 5 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. పైపును పలక ఎడమ అంచున నిలువుగా తాడుతో కట్టి, అడుగున చిన్న రంధ్రం చేసి పుల్ల అడ్డం పెట్టండి. పుల్ల లాగితే ఒక్క గోళీ పడాలి, మళ్ళీ పెట్టేయాలి. ఈ పుల్ల దగ్గరే ఎక్కువ పలకలు చెడతాయి. రెండు గోళీలు కలిసి జారిపోతే ఆ చీటీ మొత్తం రద్దు చేసి మళ్ళీ మొదలుపెట్టాలి, కాబట్టి ముందురోజే ఇరవైసార్లు పరీక్షించండి.

ఒక్కో తెగకు ఒక్కో నిలువు వరుస. తెగవాళ్ళ అట్టలన్నీ గిన్నెలో కలిపి, చూడకుండా తీసి, పైనుంచి కిందికి గుచ్చాలి. గుచ్చేవాడిని కూడా చీటీతోనే ఎంచాలి. ఏథెన్స్‌లో అట్లాగే చేసేవారు. రోజూ ఒకడే గుచ్చితే తనవాళ్ళను కావలసిన వరుసలో పెడతాడన్న అనుమానం వాళ్ళకు ఉండేది.

న్యాయస్థానానికి పదిహేను మంది కావాలి. అంటే మూడు అడ్డ వరుసలు. తెల్లవి 3, నల్లవి 6 గోళీలు సంచిలో కలిపి గరాటుతో పైపులో పోయండి. మొదటి గోళీ తెల్లదైతే పైవరుసలోని ఐదుగురూ న్యాయనిర్ణేతలు, నల్లదైతే ఐదుగురూ ఇంటికి. అలా తొమ్మిది వరుసలూ. ఏ వరుస నెగ్గినా ప్రతి తెగ నుంచి ఒక్కొక్కరు వచ్చి తీరతారు. గోళీ తీర్పు చెప్పేది వరుసకు, మనిషికి కాదు. ఈ కిటుకును పిల్లలే కనిపెట్టేదాకా ఆగండి, ముందే చెప్పకండి. అసలు ఏథెన్స్‌లో న్యాయస్థానాల చీటీకి ప్రతి తెగకూ విడిగా రెండేసి పలకలు ఉండేవి, నిలువు వరుసలకు అక్షరాల గుర్తులు ఉండేవి. మన పలక దాని కుదింపు.

అదే పలక మీద ఒక తెల్ల గోళీ, 8 నల్ల గోళీలతో మరో చీటీ తీసి ఐదుగురిని ప్రిటనీలుగా ఎంచండి. సభ నడిపేది వీళ్ళే. బులే అనే కౌన్సిల్లో 500 మంది, తెగకు 50 మంది. సంవత్సరంలో పదోవంతు, అంటే 35 లేక 36 రోజులు, ఒక్కో తెగ వంతు. ఆ వంతులో ఉన్న 50 మంది ప్రిటనీలు. వాళ్ళలో ఒకరికి చీటీలో ఒక రాత్రీ ఒక పగలూ అధ్యక్షత వచ్చేది. అతను ఎపిస్టటీస్. ఆ ఒక్కరోజు ఖజానా తాళాలు, రాజ్యముద్ర అతని దగ్గరే ఉండేవి. జీవితంలో రెండోసారి ఆ పదవి రాదు. మీ ఐదుగురిలోనూ చీటీ తీసి ఒకరికి బడి తాళంచెవి ఇవ్వండి.

ఎక్లీసియా

సభకు పెట్టే విషయం ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. "ప్రజాస్వామ్యం మంచిదా చెడ్డదా" వంటి వక్తృత్వపోటీ అంశం పెట్టకండి. ఎక్లీసియా అభిప్రాయాలు చెప్పుకునే చోటు కాదు, ఒక పని చేద్దామా వద్దా అని తేల్చే చోటు. బడి గ్రంథాలయానికి ఉన్న కాస్త డబ్బుతో తెలుగు పత్రికలు తెప్పించాలా, ఒడియా మాధ్యమం పోటీపరీక్షల పుస్తకాలు కొనాలా అన్నది మంచి విషయం. డబ్బు నిజం, రెండూ కుదరవు, ఇరువైపులా కారణాలున్నాయి. క్రీ.పూ. 483లో లారియన్ గనుల్లో వెండి దండిగా పడినప్పుడు ఏథెన్స్‌వాళ్ళ ముందుకు వచ్చిన ప్రశ్న ఇలాంటిదే. మనిషికి 10 డ్రాక్మాలు (వెండి నాణేలు) పంచుకుందామని ఒక మాట, ఓడలు కడదామని నాయకుడు థెమిస్టోక్లిస్ మాట. ఓడలే కట్టారు. మూడేళ్ళకు సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించింది ఆ ఓడలే.

ప్రిటనీలు ముందుగా ఒక పేజీ ప్రతిపాదన రాయాలి. దాన్ని ప్రొబులెవ్మా అంటారు. అది లేనిదే సభ ముందుకు ఏదీ రాదు. తరువాత దండోరా వేసేవాడు లేచి "ఎవరు మాట్లాడదలచుకున్నారు?" అని అడగాలి. ఏథెన్స్ కెరిక్స్ అడిగే ప్రశ్న అదే. దానికి ఏ పౌరుడైనా లేవవచ్చు. ఆ సమాన హక్కు పేరు ఇసెగొరియా. లేచి, ఎవరికి కోపం వచ్చినా ఉన్నది ఉన్నట్టు చెప్పడం పర్రీసియా. ఈ రెంటినీ ఒకటిగా చూపే పుస్తకాలున్నాయి. ఒకటి అవకాశం, రెండోది ఆ అవకాశాన్ని వాడుకునే తెగువ. సభలో ఒక పిల్ల లేచి, హెడ్మాస్టరు గారికి నచ్చని మాట అంటే ఆ తేడా అందరికీ కనిపిస్తుంది. ఓటు చేతులెత్తి. దాని పేరు ఖైరొటోనియా. ఏథెన్స్‌లో చేతులను ఒక్కొక్కటీ లెక్కపెట్టేవారు కాదు, చూసి అంచనా కట్టేవారు. ప్నిక్స్ కొండ మీద వేలమంది కూర్చునే సభ అది. కొన్ని నిర్ణయాలకు 6,000 మంది తప్పనిసరి. అరిస్టాటిల్ కాలానికి ఏడాదికి 40 సభలు జరిగేవి.

ఇందులో ఒక అరగంట మాత్రం చాలా జాగ్రత్తగా నడపాలి. సభ మొదలయ్యే ముందు 45 మందికీ రంగు చీటీలు పంచండి. 15 ఎర్రవి పౌరులు, మిగతా 30 రకరకాలు: స్త్రీలు, మెటిక్‌లు, బానిసలు. ఎర్ర చీటీవాళ్ళే మాట్లాడాలి, చెయ్యెత్తాలి. మిగతావాళ్ళు గోడవార నిలబడి వినాలి. ఆడపిల్లలను స్త్రీలుగానూ మగపిల్లలను పౌరులుగానూ పెట్టకండి. అలా పెడితే ఉన్న అలవాటునే మళ్ళీ నేర్పినట్టవుతుంది. ఎవరికి ఏది వస్తుందో చీటీయే తేల్చాలి. అరగంట తరువాత విషయాన్ని అక్కడే ఆపి, అందరికీ ఎర్ర చీటీలిచ్చి అదే ప్రశ్న మళ్ళీ చర్చకు పెట్టండి. నిర్ణయం మారితే రెండూ పలక మీద పక్కపక్కన రాయండి.

మెటిక్ అంటే బయటి నుంచి వచ్చి ఏథెన్స్‌లో స్థిరపడ్డ స్వతంత్రుడు. పురుషుడు ఏడాదికి 12 డ్రాక్మాలు, ఒంటరి స్త్రీ 6 డ్రాక్మాలు పన్ను కట్టాలి. యుద్ధానికి వెళ్ళాలి. భూమి కొనకూడదు, ఓటు లేదు. క్రీ.పూ. 451లో ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ తెచ్చిన చట్టంతో తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్‌వాళ్ళయితేనే పౌరసత్వం. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో జరిగిన లెక్కింపులో పౌరులు 21,000, మెటిక్‌లు 10,000 అని తేలింది. పౌరుడంటే పాలించడంలోనూ న్యాయనిర్ణయంలోనూ పాలుపంచుకునేవాడని రాసిన అరిస్టాటిల్ స్టాగిరా ఊరివాడు. ఏథెన్స్‌లో అతనూ మెటిక్కే. ప్నిక్స్ మీద చెయ్యెత్తే హక్కు అతనికి ఎన్నడూ లేదు. అవతల రాష్ట్రంలో పుట్టి ఇక్కడ ఏళ్ళ తరబడి బతుకుతున్న కుటుంబాల పిల్లలు ఈ భాగాన్ని ఎవరూ వివరించకుండానే అందుకుంటారు.

పోలికకు ఒక విషయం ఇక్కడే చెప్పాలి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించి రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లీసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. కొండ మీది డొంగరియా కొంధ్ స్త్రీలు అక్కడ లేచి మాట్లాడారు. అందరూ ఒకచోట చేరి, ముఖాముఖి, తమ నేల గురించి నేరుగా తేల్చుకోవడం ఎక్లీసియా లక్షణమే. కానీ గోడవార నిలబెట్టిన సగంమంది ఇక్కడ సభలో ఉన్నారు. ఏథెన్స్‌ను పొగిడే పుస్తకం చేతికిచ్చేటప్పుడు ఈ తేడాను పక్కన పెట్టి ఇవ్వడం పిల్లలకు అన్యాయం.

నీటి గడియారమూ న్యాయస్థానమూ

మధ్యాహ్నం భోజనాల తరువాత డికస్టేరియన్, అంటే న్యాయస్థానం. సోక్రటీస్ మీద క్రీ.పూ. 399లో జరిగిన విచారణ తీసుకోండి. నేరారోపణ చేసినవారు మెలెటస్, అనిటస్, లైకాన్. ఆరోపణ: నగరం కొలిచే దేవతలను కొలవడు, యువకులను చెడగొడుతున్నాడు. నిర్ణేతలు సుమారు 500 మంది. జడ్జి లేడు, లాయర్లు లేరు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. డబ్బున్నవాడు ప్రసంగం రాయించుకోవచ్చు. రాసిచ్చేవాడిని లొగోగ్రఫాస్ అనేవారు.

గడువు కొలవడానికి క్లెప్సిడ్రా, అంటే నీటి గడియారం. అగోరాలో దొరికిన మట్టి క్లెప్సిడ్రా 2 ఖోయస్‌లు, అంటే సుమారు 6.4 లీటర్లు పడుతుంది. ఖాళీ కావడానికి దాదాపు 6 నిమిషాలు. బకెట్ అడుగు నుంచి రెండు వేళ్ళ ఎత్తులో 6 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. దాన్ని బల్ల మీద పెట్టి రెండో బకెట్ కింద పెట్టండి. 6 నిమిషాలకు సరిపడేలా నీళ్ళ కొలత మార్చి మార్చి చూసి, ఆ మట్టం దగ్గర రంగుతో గీత పెట్టండి. రంధ్రాన్ని పెద్దది చేస్తూ పోకండి, ఒకసారి పెద్దదైతే వెనక్కి రాదు. మట్టికుండే కావాలంటే కాల్చకముందే కుమ్మరి చేత రంధ్రం పెట్టించాలి. కాల్చిన కుండకు మేకు దిగగొడితే పగులుతుంది. నీళ్ళు గుడ్డలో వడకట్టండి. ఒక్క ఆకుముక్క అడ్డం పడితే ప్రతివాదికి రెండు నిమిషాలు ఎక్కువ వస్తాయి.

మాట్లాడేవాళ్ళు ఇక్కడ మోసపోతారు. నిటారు పాత్రలో రంధ్రానికి పైనున్న నీటిలో మొదటి సగం మొత్తం సమయంలో మూడోవంతు కూడా కాకముందే పోతుంది, ఎందుకంటే పైన నీళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడు ధార జోరుగా ఉంటుంది. సగం బకెట్ ఖాళీ అయిందని భయపడి ముగించేవాళ్ళకు ఇంకా నాలుగు నిమిషాలుంటాయి. చివర్లో ధార తెగి చుక్కలు పడటం మొదలైతే గడువు ముగిసినట్టని ముందే ప్రకటించండి. సొంత వ్యాజ్యాల్లో చట్టాలూ సాక్ష్యాలూ చదివేటప్పుడు రంధ్రం మూసేవారు. మీరూ అలాగే వేలు అడ్డం పెట్టండి.

వాదాలు ముగియగానే ఓటు. నిర్ణేతలు తమలో తాము చర్చించుకోకూడదు. మన పిల్లలకు పంచాయితీ అలవాటు, వెంటనే గుమిగూడతారు. విడదీయండి. తీర్పును ఒక్కొక్కరూ తమ తలలోనే తేల్చుకోవాలి.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో నిర్ణేతకు రెండు కంచు బిళ్ళలిచ్చేవారు. వాటి పేరు ప్సెఫాస్. బిళ్ళ మధ్యలో ఇరుసు. ఒకదాని ఇరుసు బోలు, అది ఆరోపించినవాడికి. రెండోది గట్టి ఇరుసు, అది ప్రతివాదికి. ఇరుసు కొసలను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుంటే ఏది ఏదో చూసేవాళ్ళకు తెలియదు. ఒకటి కంచు పాత్రలో వేయాలి, అది లెక్కకు వస్తుంది. రెండోది చెక్కపెట్టెలో వేయాలి, అది లెక్కలోకి రాదు. అట్టతో ఆరు సెంటీమీటర్ల బిళ్ళలు 30 చేసి, సగానికి సన్న బోలు వెదురుపుల్ల, సగానికి గట్టి పుల్ల గుచ్చండి. రెండు రకాల బరువు, పొడవు ఒకేలా ఉండాలి. లేకపోతే బిందెలో పడ్డ చప్పుడుకే ఓటు తెలిసిపోతుంది. బిందె మూతకు ఒక్క బిళ్ళ పట్టే చీలిక పెట్టండి. లెక్కపెట్టాక బిందెలో 15, పెట్టెలో 15 ఉన్నాయో లేదో చూడండి. తేడా వస్తే మళ్ళీ ఓటు. ఏథెన్స్ నియమం ప్రకారం ఓట్లు సమానమైతే ప్రతివాది విడుదల.

దోషి అని తేలితే రెండో ఓటు శిక్ష మీద. ఆరోపించినవాడు ఒకటి, దోషి ఒకటి ప్రతిపాదించాలి. నిర్ణేతలు ఆ రెంటిలో ఒకటే ఎంచాలి, మధ్యేమార్గం లేదు. మరణమే అని మెలెటస్ అంటే, నగరం ఖర్చుతో ప్రిటనీయం అనే ప్రభుత్వ భవనంలో భోజనం పెట్టమన్నాడు సోక్రటీస్. ఆ తరువాత మిత్రుల హామీతో 30 మినాల (3,000 డ్రాక్మాల) జుర్మానా అన్నాడు. ఈ నియమం తెలియకపోతే ఆ విచారణ చివరి భాగం పొగరుగా అనిపిస్తుంది. తెలిస్తే, అక్కడ మూడో దారి లేదని అర్థమవుతుంది. మొదటి ఓటులో 30 మంది మాత్రం అటునుంచి ఇటు వచ్చి ఉంటే విడుదలయ్యేవాడినని అతనన్నట్టు ప్లేటో రాశాడు.

ఓటు వేసిన ప్రతివారికీ ఒక టోకెన్ ఇచ్చి, దాన్ని చూపిస్తే టీ, పకోడీ ఇవ్వండి. ఏథెన్స్‌లో ఆ టోకెన్ చూపి 3 ఒబొల్‌లు తీసుకునేవారు, అది అర డ్రాక్మా. మిస్థాస్ అనే ఈ భత్యం న్యాయస్థానానికి పెరిక్లిస్ కాలంలో వచ్చింది, సభకు హాజరైనందుకు క్రీ.పూ. 4వ శతాబ్దం మొదట్లో వచ్చింది. రోజుకూలి పోగొట్టుకోకుండా పేదవాడు వచ్చి కూర్చోవడానికి దారి ఇదే.

పెంకుల మీద పేర్లు

ఒస్ట్రకాన్ అంటే కుండపెంకు. ఏడాదికొకసారి, ఈసారి ఎవరినైనా వెలివేద్దామా అని సభ అడిగేది. సరే అంటే కొన్ని వారాలకు అగోరాలో పెంకుల ఓటు. కనీసం 6,000 పెంకులు పడాలి. ఎక్కువ పెంకులు వచ్చినవాడు 10 రోజుల్లో ఊరు విడిచి పదేళ్ళు బయట ఉండాలి. ఆస్తి పోదు, పౌరసత్వం పోదు, నేరం మోపరు. మొదటిసారి క్రీ.పూ. 487లో జరిగింది, 417 ప్రాంతంలో హైపెర్బొలస్ అనే నాయకుడిని వెలివేయడంతో ఆగిపోయింది.

పెంకులు అరచేయిలో సగం పరిమాణం ఉండాలి. అంచులను రాతి మీద అరగదీయండి, చేతులు కోసుకుపోతాయి. మేకుతో గీకితే నల్లటి పెంకు మీద అక్షరాలు బాగా తేలతాయి. తోటి విద్యార్థుల పేర్లు, ఊరి నాయకుల పేర్లు రాయనివ్వకండి. థెమిస్టోక్లిస్, అరిస్టైడిస్, కిమాన్ అని ముగ్గురు ఏథెన్స్ నాయకుల పేర్లిచ్చి, ముగ్గురి గురించి రెండేసి నిమిషాలు చెప్పించి, అప్పుడు రాయించండి. పదిమంది కలిసి ఒక పిల్లవాడి పేరు రాస్తే ఆ గాయం సాయంత్రంతో పోదు.

ఇందులో ఒక రహస్య భాగం పెట్టండి. ఎనిమిది పెంకుల మీద థెమిస్టోక్లిస్ పేరు ముందే ఒకే చేత్తో రాయించి, రాయడం బద్ధకించేవాళ్ళకు ఇద్దరి చేత పంచిపెట్టించండి. లెక్కింపు తరువాత పెంకులన్నీ నేల మీద పరిచి, చేతివ్రాత బట్టి విడదీయమనండి. ఏథెన్స్ కోటకొండ ఆక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఒక బావిలో థెమిస్టోక్లిస్ పేరున్న పెంకులు 190 దాకా దొరికాయి. వాటిని 14 చేతులు మాత్రమే రాశాయని పరిశోధకులు గుర్తించారు. ఎవరో కూర్చుని రాసి సిద్ధం చేసిన పెంకులవి. తెలుగు లిపిలో, ఒడియా లిపిలో రాసినవాటిని వేరువేరు కుప్పలు చేసి చూస్తే పోల్చడం తేలిక.

ప్రశ్నించే పద్ధతి

నాలుగు గంటలకు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. తత్త్వశాస్త్రపు మాటలకు ఇది సరైన వేళ, ఎందుకంటే పొద్దుటి నుంచి న్యాయం, ధైర్యం, మేలు అన్న మాటలను అందరూ వాడేసి ఉంటారు. అవేమిటో ఎవరూ చెప్పి ఉండరు. ఎలెంఖాస్ అంటే ఎదుటివాడు చెప్పిన మాటను అతని మిగతా నమ్మకాలతో రాపాడించి చూడటం. అడిగేవారొకరు, చెప్పేవారొకరు, మిగతావాళ్ళు మౌనం. చెప్పేవారు తాము నిజంగా నమ్మేదే చెప్పాలి. జవాబు ఒక వాక్యం దాటకూడదు. అడిగేవారు సొంత సిద్ధాంతం చెప్పకూడదు.

"ధైర్యం అంటే ఏమిటి?"
"పొలంలోకి ఏనుగులు దిగినప్పుడు పారిపోకుండా నిలబడటం."
"అటవీ శాఖవాళ్ళు వెనక్కి రమ్మంటే వచ్చేసి, ఊరివాళ్ళందరినీ లేపినవాడు పిరికివాడా?"
"కాదు."
"ఏనుగు సంగతి తెలియక నిలబడ్డవాడు?"
"అది ధైర్యం కాదు, మూర్ఖత్వం."
"అయితే నిలబడటమే ధైర్యం అన్న మాట ఉంచుదామా, తీసేద్దామా?"

గజపతి అడవుల నుంచి శ్రీకాకుళం వైపు దిగే ఏనుగులు ఇక్కడి పిల్లలకు పుస్తకంలోవి కావు కాబట్టి ఈ ఉదాహరణ నిలుస్తుంది. ప్లేటో రాసిన ఒక సంభాషణలో ఏథెన్స్ సేనాని లాఖిస్ ఇచ్చిన జవాబు కూడా ఇలాంటిదే: వరుస వదలకుండా నిలబడి పోరాడేవాడు ధైర్యవంతుడని. వెనక్కి తగ్గుతూ పోరాడే సిథియన్ల మాటేమిటని సోక్రటీస్ అడుగుతాడు. క్రీ.పూ. 424లో డీలియం దగ్గర ఏథెన్స్ సేన వెనుదిరిగినప్పుడు వీళ్ళిద్దరూ కలిసే నడిచారు. ఆ తిరుగుదారిలో సోక్రటీస్ నిబ్బరాన్ని లాఖిస్ మెచ్చుకున్నాడు.

ఏ జవాబూ నిలవని చోటు పేరు అపోరియా. దారి మూసుకుపోవడం అని. అక్కడ ఆపండి. ఉపాధ్యాయుడు "సరైన జవాబు ఇది" అని అందుకున్నాడంటే గంటసేపు చేసిన పని పోయినట్టే. రెండో తప్పు, అడిగేవాడు గెలుపు కోసం మాటల తిరకాసుకు దిగడం. గ్రీకులు దాన్ని ఎరిస్టికే అని వేరు చేశారు. ఎదుటివాడి ముఖం చిన్నబోతోందంటే మీరు ఎలెంఖాస్ దాటి ఎరిస్టికేలోకి వెళ్ళారు.

ఇక్కడే మరికొన్ని మాటలు పట్టుకోవచ్చు. డాక్సా అంటే నిజమయ్యే అవకాశమున్నా కారణం చూపలేని అభిప్రాయం. ఎపిస్టీమే కారణం చెప్పగలిగే జ్ఞానం. టెఖ్నే ఒక పనిని సూత్రం తెలిసి చేయగల నేర్పు. పలక చేసిన పిల్లవాడికి ఇప్పుడు అది ఉంది. ఫ్రొనేసిస్ అంటే ఈ సందర్భంలో ఏం చేయడం మేలో గ్రహించగల వివేకం. దాన్ని పాఠంగా చెప్పలేమనీ, అనుభవంతోనే వస్తుందనీ అరిస్టాటిల్ వాదన. క్రీ.పూ. 406లో ఆర్గినుసే యుద్ధం తరువాత, సముద్రంలో పడ్డవాళ్ళను రక్షించలేదన్న కోపంతో సేనానులందరినీ ఒకే ఓటుతో శిక్షించాలని సభ కేకలు పెట్టింది. చట్టం ప్రకారం ఎవరి విచారణ వారిదే. ఆ రోజు ప్రిటనీల్లో ఒకడైన సోక్రటీస్ ఒప్పుకోలేదు. అయినా ఎనిమిది మందికి శిక్ష పడింది, దొరికిన ఆరుగురిని చంపారు. పొద్దున ప్రిటనీలుగా కూర్చున్న ఐదుగురిని, మీరైతే ఏం చేసేవారని అడగండి.

తెలుగు సమానార్థకాల గురించి ఒక్క మాట. ధర్మం అన్న మాటను డికయొసినేకూ (న్యాయం) అరెటేకూ (మనిషి శ్రేష్ఠత) నోమాస్‌కూ (చట్టం) ఎడాపెడా వాడకండి, ఏది దేనికో తెలియకుండా పోతుంది. అశోకుడి కాందహార్ శాసనంలో గ్రీకు రాసినవాళ్ళు ధమ్మానికి యుసెబెయా అన్న మాట వాడారు. దైవభక్తి, పెద్దల పట్ల భక్తి అన్న అర్థం దానిది. మన గంజాం జిల్లా జౌగడ రాతి మీద కూడా అశోకుడి శాసనాలున్నాయి కానీ, యవన రాజుల పేర్లు చెప్పే 13వ శాసనం అక్కడ లేదు. దాని బదులు కళింగ ప్రజలకోసం వేరే శాసనాలు చెక్కించారు. బరంపురం పిల్లలను తీసుకెళ్ళి చూపించదగ్గ చోటు.

లెక్కలు అప్పగించడం

ఐదున్నరకు యూథినా. ఏథెన్స్‌లో ప్రతి అధికారీ పదవీకాలం ముగిశాక 30 రోజుల్లోగా లెక్క చెప్పాలి. చీటీతో ఎంచిన పదిమంది లొగిస్టాయ్ దాన్ని తనిఖీ చేసేవారు. ఏ పౌరుడైనా లేచి ఫిర్యాదు చేయవచ్చు. లెక్క తేలేదాకా ఆ మనిషి ఊరు దాటి వెళ్ళకూడదు. పొద్దున తాళంచెవి తీసుకున్న ఎపిస్టటీస్ నుంచి నీళ్ళ బకెట్ దగ్గర నిలబడ్డవాడి దాకా అందరూ వరుసగా లేచి తమ దగ్గర ఏముందో, ఎంత ఖర్చయిందో చెప్పాలి. టీ, పకోడీల డబ్బు, మిగిలిన టోకెన్లు, 13 గోళీలు, 30 బిళ్ళలు లెక్కకు రావాలి. రెండు లిపుల్లోనూ ఒక కాగితం రాసి, ముగ్గురు లొగిస్టాయ్ సంతకం చేశాక నోటీసుబోర్డు మీద అంటించండి. పెంకులు గోనెలో కట్టి, తేదీ రాసి దాచండి, వచ్చే ఏడాది చేతివ్రాత పోల్చడానికి పనికొస్తాయి.